ఫిట్‌జ్రాయ్ శనివారం ఆట: బ్రన్స్‌విక్ స్ట్రీట్ ఓవల్ రివ్యూ

మెల్‌బోర్న్‌లో ఉంటున్న తెలుగువాళ్లు ఫుటీ (ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్) చూద్దామనుకుంటే ముందు ఎంసీజీ (మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్) టికెట్ల కోసమే వెతుకుతారు. పెద్ద స్టేడియం, పెద్ద తెర, గోల్ పడ్డప్పుడల్లా చెవులు చిల్లులు పడే హోరు. అన్నీ బాగుంటాయి, ఆట తప్ప. ఆట బాగుండదని కాదు, కొత్తవాళ్లకి అంత ఎత్తు నుంచి అది బోధపడదు. అంపైర్ ఎందుకు విజిల్ వేశాడో తెలియదు, పక్కనున్నవాళ్లు ఎవర్ని తిడుతున్నారో అంతకన్నా తెలియదు. బౌండరీ కమ్మీకి ఆనుకుని నిలబడి, ఆటగాళ్ల అరుపులు వినపడేంత దగ్గరగా చూస్తేనే ఇది వంటబడుతుంది. అందుకు డబ్బు తీసుకోకుండా ఆడే అమెచ్యూర్ క్లబ్బుల ఆటలే సరైనవి. వాటిలో ఒక్కదానికే వెళ్లే తీరిక ఉంటే ఫిట్‌జ్రాయ్ క్లబ్ ఆటకి వెళ్లండి.

ముందే తేల్చి చెప్పాలంటే చరిత్రకి ఐదుకి ఐదు, ఆటకి మూడున్నర, వసతులకి రెండున్నర. ఆ రెండున్నర చూసి వెనక్కి తగ్గకండి. వసతుల కోసం వెళ్లే చోటు కాదది.

క్లబ్ పుట్టింది 1883లో. మరుసటి ఏడాది అప్పటి ప్రధాన పోటీ అయిన విక్టోరియన్ ఫుట్‌బాల్ అసోసియేషన్‌లో చేరి, 1895లో కప్పు గెలిచింది. ఆ అసోసియేషన్ నుంచి ఎనిమిది క్లబ్బులు విడిపోయి 1897లో విక్టోరియన్ ఫుట్‌బాల్ లీగ్ మొదలుపెట్టాయి. ఇప్పుడు మనం టీవీలో చూసే ఏఎఫ్ఎల్ (ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ లీగ్) అదే. ఆ పేరు 1990లో వచ్చింది. ఆ ఎనిమిదిలో ఫిట్‌జ్రాయ్ ఒకటి, తొలినాళ్లలో గట్టి జట్టు కూడా. 1898, 1899, 1904, 1905, 1913, 1916, 1922, 1944 సంవత్సరాల్లో మొత్తం ఎనిమిది కప్పులు కొట్టింది.

ఇందులో 1916 కథ చాలామంది ఏఎఫ్ఎల్ అభిమానులకే తెలియదు. మొదటి ప్రపంచ యుద్ధం వల్ల ఆ ఏడు నాలుగు క్లబ్బులే ఆడాయి. ఫిట్‌జ్రాయ్ 12 ఆటల్లో రెండే గెలిచి అట్టడుగున నిలిచింది. ఉన్నవే నాలుగు జట్లు కాబట్టి నాలుగూ ఫైనల్స్‌కి వెళ్లాయి. అక్కడ ఫిట్‌జ్రాయ్ వరసగా గెలుచుకుంటూ పోయి, కార్ల్‌టన్‌ని ఓడించి కప్పు పట్టుకెళ్లింది. ఒకే సీజన్లో చివరి స్థానమూ మొదటి స్థానమూ ఒకే జట్టువి. ఆట చూస్తూ పక్కన నిలబడ్డ పెద్దాయనతో మాట కలపాలంటే ఈ సంగతి ఎత్తండి, చాలు.

లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడికి ఇచ్చే బ్రౌన్‌లో మెడల్ ఈ క్లబ్ ఆటగాళ్లకి ఎనిమిదిసార్లు వచ్చింది. అందులో మూడు హేడెన్ బంటన్‌వే, 1931, 1932, 1935లో. 1969లో గెలిచిన కెవిన్ మర్రే ఫిట్‌జ్రాయ్ తరఫున 333 ఆటలు ఆడాడు. క్లబ్‌లో అంతకన్నా ఎక్కువ ఎవరూ ఆడలేదు.

మెడల్ జాబితాలో లేకపోయినా తప్పక తెలుసుకోవాల్సిన పేరు డగ్ నికల్స్. యోర్టా యోర్టా జాతికి చెందిన ఆదివాసీ ఆటగాడు. కార్ల్‌టన్‌లో చేరబోతే ఆయన ఒళ్లు మర్దన చేయడానికి అక్కడి శిక్షణ సిబ్బంది ఒప్పుకోలేదు, బయటికి రావాల్సి వచ్చింది. 1932లో ఫిట్‌జ్రాయ్ చేర్చుకుంది. డ్రెస్సింగ్ రూమ్‌లో ఒంటరిగా కూర్చున్న ఆయన పక్కకి వచ్చి బట్టలు మార్చుకున్నవాడు అప్పటికే పెద్ద స్టార్ అయిన బంటన్. తర్వాతి కాలంలో నికల్స్ పాస్టర్ అయ్యాడు, సర్ బిరుదు అందుకున్నాడు, 1976లో సౌత్ ఆస్ట్రేలియా గవర్నర్ అయ్యాడు. ఏఎఫ్ఎల్‌లో ఏటా జరిగే ఆదివాసీల రౌండ్‌కి ఇప్పుడు ఆయన పేరే. కులం పేరు చెప్పి పక్కన కూర్చోనివ్వని రోజుల్ని విన్న మనకి ఇది కొత్త కథేమీ కాదు. ఈ మైదానం దగ్గర నిలబడి గుర్తు చేసుకోదగ్గది మాత్రం ఇదే.

ఇంత చరిత్ర ఉన్న క్లబ్ అమెచ్యూర్ పోటీలోకి ఎలా దిగింది? ఒక్క దెబ్బతో కాదు. 1966 తర్వాత లీగ్ ఆటలకి సొంత మైదానమైన బ్రన్స్‌విక్ స్ట్రీట్ ఓవల్‌ని వదిలేసింది. అక్కడి నుంచి మూడు దశాబ్దాలు అద్దె ఇళ్ల బతుకే: ప్రిన్సెస్ పార్క్, జంక్షన్ ఓవల్, విక్టోరియా పార్క్, మళ్లీ ప్రిన్సెస్ పార్క్, చివరికి వెస్టర్న్ ఓవల్. ఇల్లు మారినప్పుడల్లా కొంతమంది అభిమానులు రావడం మానేస్తారు. గేటు డబ్బు తగ్గుతుంది, మంచి ఆటగాళ్లు ఎక్కువ జీతమిచ్చే చోటికి పోతారు, ఓటములు పెరుగుతాయి, గేటు డబ్బు ఇంకా తగ్గుతుంది. మధ్యలో మెరుపులు లేకపోలేదు. 1979లో మెల్‌బోర్న్ జట్టుని 190 పాయింట్ల తేడాతో చిత్తు చేసిన ఆట ఆ కాలంలోదే. అయినా అప్పు తీరలేదు.

1989లో ఫుట్‌స్క్రే క్లబ్‌తో కలిపేయాలని చూశారు. ఫుట్‌స్క్రే అభిమానులు వీధుల్లో చందాలు పోగుచేసి ఆపేశారు. తర్వాత పసిఫిక్ మహాసముద్రంలోని చిట్టి దేశం నౌరుకి చెందిన బీమా సంస్థ దగ్గర 12.5 లక్షల డాలర్లు అప్పు తెచ్చారు. 1996 జూన్ 28న ఆ అప్పు మీదే, క్లబ్ వ్యవహారాలు చేతిలోకి తీసుకునే అడ్మినిస్ట్రేటర్ వచ్చి కూర్చున్నాడు. నార్త్ మెల్‌బోర్న్‌తో విలీనం దాదాపు ఖాయమనుకుంటుండగా మిగతా క్లబ్బులు ఒప్పుకోలేదు, బ్రిస్బేన్ బేర్స్‌తో కలపడానికే ఓటేశాయి. ఆగస్టు 25న ఎంసీజీలో రిచ్‌మండ్ చేతిలో 151 పాయింట్ల తేడాతో ఓటమి. మెల్‌బోర్న్‌లో చివరి లీగ్ ఆట అదే. వారం తర్వాత సెప్టెంబరు 1న పెర్త్‌లోని సుబియాకోలో ఫ్రీమాంటిల్ మీద ఆఖరి ఆట, అదీ ఓటమే. ఎనిమిది మంది ఆటగాళ్లు బ్రిస్బేన్ వెళ్లారు. 2001 నుంచి 2003 దాకా వరసగా మూడు కప్పులు గెలిచిన బ్రిస్బేన్ లయన్స్ ఈ కలయికతో వచ్చిన జట్టే. ఫిట్‌జ్రాయ్ నుంచి వెళ్లిన క్రిస్ జాన్సన్ ఆ మూడింటిలోనూ ఆడాడు.

చాలామంది పొరబడేది ఇక్కడే. ఫిట్‌జ్రాయ్ క్లబ్ బ్రిస్బేన్‌లో కలిసిపోయి మాయమైందనుకుంటారు. బ్రిస్బేన్ తీసుకున్నది ఏఎఫ్ఎల్ ఆట వ్యవహారాన్నే. సంస్థగా క్లబ్ బతికే ఉంది, 1998లో అడ్మినిస్ట్రేషన్ నుంచి బయటపడింది, కొన్నాళ్లు కోబర్గ్ క్లబ్‌తో జతకట్టింది. అదే సమయంలో బ్రన్స్‌విక్ స్ట్రీట్ ఓవల్‌లో ఒక అమెచ్యూర్ జట్టు ఆడుతోంది. 1955లో యూనివర్సిటీ రెడ్స్‌గా మొదలై, తర్వాత ఫిట్‌జ్రాయ్ రెడ్స్ అని పేరు మార్చుకున్న జట్టది. మైదానం ఉంది, ఆటగాళ్లున్నారు, పేరున్న క్లబ్‌కి ఆటే లేదు. 2008 చివర్లో రెండూ కలిశాయి. 2009 సీజన్ నుంచి ఫిట్‌జ్రాయ్ ఫుట్‌బాల్ క్లబ్ తన పాత మైదానంలో, విక్టోరియన్ అమెచ్యూర్ ఫుట్‌బాల్ అసోసియేషన్‌లో ఆడుతోంది.

ఆ అసోసియేషన్ కూడా చిన్నదేమీ కాదు. 1892లో మెట్రోపాలిటన్ జూనియర్ ఫుట్‌బాల్ అసోసియేషన్ పేరుతో మొదలైంది, ఇప్పటి పేరు 1933 నుంచి. ఇక్కడ మూలసూత్రం ఒక్కటే: ఆడినందుకు ఆటగాడికి డబ్బివ్వరు. పైగా ఆటగాడే ఏటా క్లబ్‌కి రుసుము కడతాడు. వినడానికి ఆదర్శంలా ఉన్నా దీని వెనక పక్కా లెక్క ఉంది. జీతాల భారం లేని క్లబ్‌కి మైదానం, జెర్సీలు, బంతులు, ఇన్సూరెన్స్, ఫిజియో టేపుల ఖర్చు తేలితే చాలు. స్కోరు బోర్డు, గడియారం, నీళ్ల సీసాలు, క్యాంటీన్ అన్నీ సభ్యులే చూసుకుంటారు. ఏఎఫ్ఎల్‌లో ఫిట్‌జ్రాయ్‌ని ముంచింది ఆటగాళ్ల కొరత కాదు, డబ్బు కొరత. డబ్బుతో పని తక్కువున్న చోటికి రాగానే క్లబ్ నిలదొక్కుకుంది.

దీనికి ఎదురు ఉదాహరణ మెల్‌బోర్న్ యూనివర్సిటీ వాళ్ల యూనివర్సిటీ క్లబ్. 1908లో విక్టోరియన్ లీగ్‌లో చేరింది. 1911లో లీగ్ ఆటగాళ్లకి డబ్బివ్వడాన్ని అధికారికం చేస్తే, యూనివర్సిటీ మాత్రం ఇవ్వనంది. చివరి 51 ఆటలు వరసగా ఓడి 1914తో లీగ్ వదిలేసింది. దాని వారసులైన యూనివర్సిటీ బ్లాక్స్, యూనివర్సిటీ బ్లూస్ ఈ అమెచ్యూర్ పోటీలోనే దశాబ్దాలుగా ఆడుతున్నాయి. డబ్బున్న పోటీలో డబ్బులేని సూత్రం నడవదు. అలాగని సూత్రం తప్పని కాదు, పోటీ వేరు.

ఇక ఎలా వెళ్లాలో. మైదానం ఫిట్‌జ్రాయ్ నార్త్‌లోని ఎడిన్‌బరా గార్డెన్స్ అనే పెద్ద పార్కులో ఉంది. దీనికి పీటర్సన్ ఓవల్ అని కూడా పేరుంది, మ్యాపుల్లో రెండు పేర్లూ కనిపిస్తాయి, కంగారు పడకండి. టార్నీట్, పాయింట్ కుక్ వైపు నుంచి వచ్చేవాళ్లు రైల్లో సదర్న్ క్రాస్‌లో దిగి, కాలిన్స్ స్ట్రీట్‌లో 11వ నంబరు ట్రామ్ ఎక్కితే బ్రన్స్‌విక్ స్ట్రీట్ మీదుగా పార్కు పక్కనే దించుతుంది. ట్రామ్ సిటీలో ఫ్రీ జోన్‌లో మొదలైనా దాన్ని దాటిపోతుంది, కాబట్టి మైకి కార్డు ట్యాప్ చేయడం మర్చిపోవద్దు. కారులో వస్తే ఫ్రీమన్ స్ట్రీట్, ఆల్‌ఫ్రెడ్ క్రెసెంట్ వైపు చోటు వెతకాలి. బోర్డుల మీద గంటల పరిమితి చదివి పెట్టండి: ఫుటీ ఆట విరామాలతో కలిపి దాదాపు రెండున్నర గంటలు పడుతుంది, రెండు గంటల పార్కింగ్‌లో పెట్టినవాళ్లు ఆఖరి క్వార్టర్ (ఆటలో నాలుగో భాగం) ప్రశాంతంగా చూడలేరు.

సీజన్ ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా, ఎక్కువగా శనివారాలు. సీనియర్ జట్టు ఆట మామూలుగా మధ్యాహ్నం రెండింటికి. అంతకుముందు రిజర్వ్ జట్టు ఆడుతుంది. పొద్దున్నే వెళ్లి అదే అసలు ఆట అనుకుని తిరిగొచ్చేసేవాళ్లూ ఉన్నారు. మహిళల పోటీని ఈ అసోసియేషన్ 2017లో మొదలుపెట్టింది, వాటి వేళలు వేరు. జూన్, జులైలలో పగటి వేడి 14 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది. మూడో క్వార్టర్‌కల్లా ఎండ వాలి చలిగాలి మొదలవుతుంది. స్వెట్టర్ ఒక్కటి చాలదు, గాలి ఆపే జాకెట్, తడి గడ్డికి తట్టుకునే బూట్లు కావాలి.

కూర్చోవాలంటే 1888లో కట్టిన గ్రాండ్‌స్టాండ్ ఉంది. కర్రపని, ఇనుప నగిషీ, వాలు కప్పు. వారసత్వ కట్టడంగా రక్షణలో ఉంది. వానొస్తే అదే గతి, ఎండలోనూ ఫోటోలకి అదే అందం. కానీ ఆట మొత్తం అక్కడే కూర్చుని చూడొద్దు. ఒక క్వార్టర్ అయినా బౌండరీ కమ్మీ దగ్గర, ఇంకో క్వార్టర్ గోల్ వెనక నిలబడండి. గోల్ వెనక ఉన్నప్పుడు ఫోన్ చూడకూడదు. ఆ కోడిగుడ్డు ఆకారపు బంతి మొన వైపు నుంచి తగిలితే ఎంత నొప్పో వేరే చెప్పనక్కర్లేదు.

ఇక్కడ దొరికి ఎంసీజీలో దొరకనిది ఒకటుంది. క్వార్టర్ విరామాల్లో, ముఖ్యంగా మూడో క్వార్టర్ తర్వాత, ప్రేక్షకులు మైదానంలోకి నడిచి వెళ్లి కోచ్ చుట్టూ చేరొచ్చు. ఆటగాళ్ల వలయానికి ఒకటి రెండడుగుల వెనక నిలబడండి, మధ్యలోకి దూరకండి, మాట్లాడకండి. ఎవరు ఎవర్ని వదిలేస్తున్నారు, గాలి ఎటుంది, బంతి ఏ వైపు నుంచి తేవాలి అన్నీ వినపడతాయి. ఆఖరి క్వార్టర్‌లో అదే జరుగుతుందో లేదో చూడటం, కొత్తవాళ్లకి ఈ ఆట నేర్పే అతి తేలిక మార్గం.

వెళ్లేముందు కాస్త వ్యాకరణం. జట్టుకి 18 మంది. ఒక్కో చివర నాలుగు స్తంభాలు. మధ్యలోని రెండు పొడవాటి వాటి మధ్య నుంచి కాలితో తన్నిన బంతి ఎవరికీ తగలకుండా పోతే గోల్, 6 పాయింట్లు. పక్క స్తంభాల మధ్య నుంచి పోతే, లేదా పొడవాటి స్తంభానికి తగిలితే బిహైండ్, 1 పాయింట్. గోల్ అంపైర్ రెండు జెండాలు ఊపితే గోల్, ఒకటి ఊపితే బిహైండ్. స్కోరు ముందు గోల్స్, తర్వాత బిహైండ్స్, చివర మొత్తం రాస్తారు. ఇందాకటి 1979 ఆటే చూడండి: ఫిట్‌జ్రాయ్ 36.22 అంటే 216కి 22 కలిపి 238. మెల్‌బోర్న్ 6.12, అంటే 48. ఆ చుక్కని దశాంశ బిందువు అనుకుంటే ఇక బోర్డు అర్థం కాదు. 10.2 కొట్టిన జట్టు 9.7 కొట్టిన జట్టు కన్నా ఒక్క పాయింటే ముందుంటుంది: 62కి 61.

బంతిని విసరకూడదు; ఒక చేతిలో పట్టుకుని రెండో చేతి పిడికిలితో కొట్టాలి, లేదా తన్నాలి. పట్టుకుని పరిగెడితే 15 మీటర్లకోసారి నేలకి తాకించాలి. 15 మీటర్లకి మించి వచ్చిన కిక్‌ని నేల తాకకముందే పట్టుకుంటే దాన్ని మార్క్ అంటారు, ఆగి తీరిగ్గా తన్నుకోవచ్చు. ఆఫ్‌సైడ్ లేదు. జనం ఒక్కసారిగా “బాల్!” అని అరిచారంటే, దొరికిపోయిన ఆటగాడు బంతి వదల్లేదని అంపైర్‌కి గుర్తు చేస్తున్నారన్నమాట. సగంసార్లు అరిచేది తప్పే, అయినా అరుస్తారు.

ఆట స్థాయి గురించి ఆశలు పెంచుకోవద్దు. కిక్ గురి తప్పుతుంది, వాన రోజున మధ్యలో బురద తయారై బంతి సబ్బులా జారుతుంది, స్కోర్లు పడిపోతాయి. గాలి బలంగా ఉంటే గోల్స్ ఎక్కువగా ఒక చివరే పడతాయి. జట్లు క్వార్టర్‌కోసారి చివరలు మారతాయి కాబట్టి, గాలికి ఎదురాడిన క్వార్టర్‌లో ఎంత తక్కువ పోగొట్టుకున్నారన్నదే లెక్క. ఇది పట్టుకున్నవాళ్లకి బురద ఆట కూడా రక్తి కడుతుంది. గెలిస్తే ఫ్రాన్స్ జాతీయ గీతం బాణీలో క్లబ్ పాట పాడతారు. మాటలు 1952లో ఆటగాడు బిల్ స్టీఫెన్ రాసినవి. బ్రిస్బేన్ వాళ్ల పాట బాణీ కూడా అదే, అటు వెళ్లింది ఇక్కడి నుంచే.

తిండి దగ్గర మనవాళ్లకి ఇబ్బందే. ఇలాంటి మైదానాల్లో దొరికేవి మాంసం పై, సాసేజ్ రోల్, హాట్ డాగ్. శాకాహారులకి వేడి చిప్సే దిక్కు, అవీ సగం ఆటకే అయిపోవచ్చు. పులిహోర డబ్బా తెచ్చుకోండి, ఎవరూ ఏమీ అనరు. లేదంటే నడిచే దూరంలోనే బ్రన్స్‌విక్ స్ట్రీట్ హోటళ్లున్నాయి.

పిల్లల్ని తెస్తే బంతి కూడా తేవాలి, విరామాల్లో పిల్లలంతా మైదానంలోకి పరిగెత్తి తన్నుకుంటారు. మగవాళ్ల ఆటకి 5వ సైజు, ఆడవాళ్లకి 4వ సైజు, చిన్నపిల్లలకి 1 లేదా 2 చాలు. తోలు బంతి తడి గడ్డి మీద నీళ్లు పీల్చి బరువెక్కుతుంది, పిల్లలకి సింథటిక్‌దే మేలు. తన్నేటప్పుడు బంతిని నిలువుగా పట్టుకుని, తన్నే కాలి వైపు చేత్తో తొడ ఎత్తు నుంచి వదలాలి, పైకి ఎగరేయకూడదు. కాలివేళ్లు ముందుకి చాచి పాదం పైభాగంతో బంతి కింది మొనని కొట్టాలి. అప్పుడు వెనక్కి పల్టీలు కొడుతూ తిన్నగా పోతుంది. బంతి పక్కలకి కొట్టుకుపోతోందంటే వదిలేటప్పుడు ఒరిగిందన్నమాట. నిట్టనిలువుగా లేస్తోందంటే వేళ్లు పైకి లేచాయి, లేదా ఒళ్లు వెనక్కి వాలింది.

బయలుదేరేముందు అసోసియేషన్ వెబ్‌సైట్‌లో ఆ వారం ఆట ఎక్కడో చూసుకోండి. సగం ఆటలు ప్రత్యర్థుల మైదానాల్లోనే ఉంటాయి. సెప్టెంబరు ఫైనల్స్ అయితే తటస్థ మైదానాల్లో పెడతారు, వాటికి గేటు దగ్గర టికెట్ ఉంటుంది.